ఎర్ర బంతి, ఆరు బటన్లు

స్ట్రీట్ ఫైటర్ వీడియో గేమ్‌లో నిప్పు బంతి విసిరే హడోకెన్ ఎలా వేయాలో మాటల్లో చెప్పమంటే నేను ఒక్క క్షణం ఆలోచించాలి. చేతికి ఆ ఆలోచన అక్కర్లేదు. స్టిక్‌ను కిందికి లాగి, అక్కడి నుంచి ముందు మూలకు, ఆపై పూర్తిగా ముందుకు జరిపి, ఆ కదలిక ముగిసే వేళకు పంచ్ బటన్ నొక్కాలి. పైకెగిరి కొట్టే గుద్దు షోర్యూకెన్ దీనికంటే కష్టం: ముందు, కింద, ముందు మూల. రెండూ తొంభైల్లో విజయవాడలో నేర్చుకున్నవే. అవి ఇప్పటికీ మణికట్టులో చెక్కుచెదరకుండా ఉన్నాయంటే అందుకు కారణం, ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఒళ్ళో పెట్టుకునే ఆర్కేడ్ స్టిక్, అంటే ఆర్కేడ్ (వీడియో గేమ్ షాపు) యంత్రం మీద ఉండేలాంటి కడ్డీ, బటన్లు బిగించిన పెట్టె. దాని గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

గవర్నరుపేటలో సినిమా హాళ్ళకు దగ్గరగా ఒక సందులో వీడియో గేమ్ షాపు ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. యంత్రాలన్నీ మన వడ్రంగులు చేసిన చెక్క పెట్టెలు, లోపల పాత టీవీ పిక్చర్ ట్యూబు, పైన సన్‌మైకా. ఎక్కువగా పట్టుకునే చోట ఆ సన్‌మైకా అరిగి కింది చెక్క కనిపించేది. ఒకరు ఆడుతుంటే తర్వాత ఆడేవాడు తన రూపాయిని అద్దం అంచున పెట్టేవాడు. ఆ బిళ్ళల వరసే మా క్యూ. షాపు నడిపే బాబాయ్ చేతిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ ఉండేది. స్టిక్ ఒక పక్కకు పనిచేయకపోతే మా కళ్ళ ముందే తలుపు తెరిచి, లోపలి తీగను సరిచేసి, "ఆడండిరా" అని వెళ్ళిపోయేవాడు. ఆట యంత్రాన్ని తెరవచ్చు, బాగుచేయవచ్చు అని నాకు మొదట తెలిసింది అక్కడే.

స్ట్రీట్ ఫైటర్ 2ను క్యాప్‌కామ్ కంపెనీ 1991లో విడుదల చేసింది. ఆరు బటన్లు: పైవరసలో మూడు పంచ్‌లు, కింది వరసలో మూడు కిక్‌లు, ఎడమ నుంచి కుడికి బలం పెరుగుతుంది. 1987లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్‌లో కొన్ని యంత్రాలకు రెండే రెండు పెద్ద రబ్బరు మెత్తలు ఉండేవి, ఎంత గట్టిగా కొడితే అంత బలమైన దెబ్బ. ఆ పద్ధతి నిలవలేదు, ఆరు బటన్లే నిలిచాయి. మా షాపులో ఉన్నది అసలు బోర్డు కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అందులో ర్యూ అనే పాత్ర గాలిలో ఉండగానే హడోకెన్ వేసేవాడు, ఆ నిప్పు బంతులు నెమ్మదిగా ఊగుతూ మనిషి వెంట పడేవి, ఆట మధ్యలో స్టార్ట్ నొక్కితే ఆటగాడే మారిపోయేవాడు. అసలు ఆటను ఎవరో మార్చి తయారు చేసిన నకలు అది. దాని పక్కనే 1993 నాటి క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఉండేది. ఆ పేరు మాలో ఎవరూ పలికినట్లు గుర్తులేదు, అందులోని ఒక పాత్ర పేరు మీద మాకు అది ముస్తఫా గేమ్. తర్వాత కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 వచ్చింది. అందులో నాలుగే బటన్లు, జట్టుకు ముగ్గురు. ఇయోరీ అనే పాత్ర పెద్ద దెబ్బ వేయాలంటే ముందుకు పావు వృత్తం, అక్కడి నుంచి వెనక్కి అర వృత్తం, అప్పుడు పంచ్. అది పడిన రోజు షాపులో అందరూ వెనక్కి తిరిగి చూసేవారు.

ఈ ఆటలన్నిటిలోనూ ఎడమ చేయి చేసేది గీతలు గీయడం. కుడి చేయి చేసేది వేళ చూసి నొక్కడం. రెండు చేతులూ ఒక్క లయలో పడితేనే దెబ్బ పడుతుంది. పక్కన నిలబడి స్క్రీన్ చూస్తున్నవాడికి ఇది కనిపించదు. అందుకే షాపులో తెలివైన పిల్లలు స్క్రీన్ వంక కాకుండా బాగా ఆడేవాడి చేతుల వంక చూసేవారు. నేను చాలా భాగం అలాగే నేర్చుకున్నాను.

హైదరాబాదుకు ఇంజినీరింగ్ చదువుకు వచ్చేసరికి యంత్రాలు తగ్గి, గంట లెక్కన ప్లేస్టేషన్ ఆడించే షాపులు పెరిగాయి. అప్పటి రాజు టెక్కెన్ 3. నామ్కో కంపెనీ దాన్ని 1997లో ఆర్కేడ్‌లకు, 1998లో ప్లేస్టేషన్‌కు తెచ్చింది. టెక్కెన్‌లో నాలుగు బటన్లకు రెండు చేతులు, రెండు కాళ్ళు. రెండు చేతుల్లో పట్టుకునే ప్లేస్టేషన్ ప్యాడ్ మీద ముందున్నవి సరిగ్గా నాలుగు బటన్లు కాబట్టి ఆ ఆట ప్యాడ్‌కు అతికినట్లు సరిపోయింది. ఎడ్డీ గోర్డో అనే పాత్రను తీసుకుని రెండు కిక్ బటన్లు నొక్కుతూ పోతే కొత్తవాడు కూడా గెలిచేవాడు. స్ట్రీట్ ఫైటర్ సంగతి వేరు. ఆరు బటన్లలో నాలుగు ముందు, రెండు పైన భుజాల దగ్గర. ఒక్క వరసలో పక్కపక్కన ఉండవలసిన మూడు పంచ్‌లు చెల్లాచెదురయ్యాయి. మణికట్టు గీసిన వృత్తాలన్నీ ఇప్పుడు ఎడమ బొటనవేలి మీద పడ్డాయి. ప్లేస్టేషన్ ప్యాడ్ మీది దిక్కుల బటన్ నాలుగు విడి ముక్కలుగా పైకి కనిపిస్తుంది, మూలకు జరపాలంటే వేలు రెండు ముక్కల మధ్య పడాలి. ఒక సాయంత్రం గట్టిగా ఆడితే బొటనవేలి చర్మం కందిపోయేది.

ప్యాడ్ చెడ్డదని నేను అనను. ప్యాడ్ మీదే పెరిగి, దానితోనే పెద్ద పెద్ద పోటీలు గెలిచినవాళ్ళు ఉన్నారు. కానీ నా చేతికి వచ్చిన విద్య దాని మీదికి రాలేదు. ఆ నాలుగేళ్ళలో స్ట్రీట్ ఫైటర్ దాదాపు వదిలేశాను.

ఉద్యోగం మీద కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌కు వెళ్ళినప్పుడు ఆ ఊరికీ ఈ ఆటకూ సంబంధం ఉందని నాకు తెలియదు. తెలుగువాళ్ళకు సన్నీవేల్ అంటే ఆఫీసులు, అపార్టుమెంట్లు, ఎల్ కమీనో రోడ్డు పొడవునా మన భోజనాలు, మన సరుకుల కొట్లు. అదే ఎల్ కమీనో మీద గోల్ఫ్‌లాండ్ అని ఒక చోటు ఉంది. బయట పిల్లల గోల్ఫ్, లోపల ఆర్కేడ్. 1996లో కానన్ సోదరులు, వారి మిత్రులు కలిసి బ్యాటిల్ బై ద బే అనే స్ట్రీట్ ఫైటర్ పోటీ పెట్టింది అక్కడే. ఆడినవాళ్ళు 40 మంది. 2002 నుంచి దాని పేరు ఇవో. ఇప్పుడు ప్రపంచంలో ఫైటింగ్ ఆటలకు అంతకంటే పెద్ద పేరున్న పోటీ లేదు. వారాంతంలో కూరగాయలు కొనడానికి నేను వెళ్ళే దారిలోనే అది పుట్టిన చోటు ఉందని తెలిసిన రోజు, నాకు గవర్నరుపేట సందు, ఆ గోల్ఫ్‌లాండ్ ఒకే వీధిలో ఉన్నట్లు అనిపించింది.

ప్లేస్టేషన్ లాంటి ఇంటి ఆట యంత్రానికి, అంటే కన్సోల్‌కు, ఆర్కేడ్ స్టిక్ కొత్త సంగతి ఏమీ కాదు. ఎస్ఎన్‌కే కంపెనీ 1990లో తెచ్చిన నియో జియో ఇంటి యంత్రానికి పెట్టెలోనే పెద్ద జాయ్‌స్టిక్ వచ్చేది. రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక ఆటతో అమెరికాలో దాని ధర 650 డాలర్లు, అప్పట్లో అది చాలా పెద్ద సొమ్ము. అయితే నేను చూసినంతలో స్టిక్‌ను చాలామంది ఇళ్ళకు చేర్చినవి రెండు సంగతులు. ఒకటి, 2004లో ఇవో పోటీలు ఆర్కేడ్ యంత్రాల నుంచి కన్సోళ్ళకు మారడం. చాలామంది గొడవ పెట్టారు కానీ మార్పు ఆగలేదు. అంతవరకు నిలబడి ఒకే యంత్రం పంచుకున్నవాళ్ళు, ఇక ఎవరి స్టిక్‌ను వారు సంచిలో మోసుకుని రావలసి వచ్చింది. రెండోది, 2009 ఫిబ్రవరిలో స్ట్రీట్ ఫైటర్ 4 కన్సోళ్ళ మీదికి రావడం. దానితో పాటు మ్యాడ్ క్యాట్జ్ కంపెనీ రెండు స్టిక్‌లు తెచ్చింది. పెద్దది టోర్నమెంట్ ఎడిషన్, ధర 150 డాలర్లు, లోపల జపాన్ ఆర్కేడ్‌లలో వాడే సాన్వా భాగాలు. అది ఏ దుకాణంలో అడిగినా లేదనేవారు. చిన్నది చవక. రూపం దాదాపు అదే, లోపలి స్టిక్, బటన్లు మాత్రం మామూలువి.

నేను చిన్నది కొని, సాన్వా భాగాలు విడిగా తెప్పించాను. ఆ సాయంత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు ఉంది. రూమ్మేట్లు హాల్లో క్రికెట్ చూస్తున్నారు. నేను వంటగదిలో భోజనాల బల్ల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి స్టిక్‌ను బోర్లా తిప్పాను. అడుగు రేకు మరలు విప్పితే లోపల అంతా ఖాళీ, ఒక మూల చిన్న బోర్డు, అక్కడి నుంచి బటన్ బటన్‌కూ రెండేసి తీగలు. బటన్‌కు రెండు పక్కలా ఉన్న ప్లాస్టిక్ నాలుకలను వేళ్ళతో నొక్కిపట్టి పైకి తోస్తే అది ఊడి వస్తుంది. సాన్వా బటన్ వ్యాసం 30 మిల్లీమీటర్లు. ఖాళీ రంధ్రంలో పెట్టి నొక్కితే టక్కున కూర్చుంటుంది. ఆపై స్టిక్. దాని మోడల్ పేరు జేఎల్ఎఫ్. కడ్డీ అడుగున మామూలు స్క్రూడ్రైవర్ పట్టేంత గాడి ఉంటుంది. అక్కడ కదలకుండా పట్టుకుని పైన 35 మిల్లీమీటర్ల బంతిని తిప్పితే ఊడుతుంది. నేను తెప్పించుకున్న బంతి ఎర్రనిది. కడ్డీ చుట్టూ నాలుగు మైక్రోస్విచ్‌లు, దిక్కుకు ఒకటి. అయిదు తీగల కట్ట ఒకటి బోర్డుకు పోతుంది: నాలుగు దిక్కులకు నాలుగు, అన్నిటికీ కలిపి కరెంటు తిరిగి వెళ్ళే గ్రౌండ్ తీగ ఒకటి. అంతే. ఇందులో కంటికి కనిపించని రహస్యం ఏదీ లేదు. గవర్నరుపేట బాబాయ్ ఆ రేకు తీసి చూస్తే ఒక్క నిమిషంలో అంతా గుర్తుపట్టేవాడు.

అన్నీ బిగించి, ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేతిలో బంతి పట్టుకోగానే తెలిసింది. మొదటి మ్యాచ్‌లోనే హడోకెన్‌లు వరసగా పడ్డాయి. షోర్యూకెన్ కూడా పడింది. ఏళ్ళ తరబడి ప్యాడ్ మీద రానివి అడగకుండానే వచ్చాయి. ఎంత కాలం వాడకపోయినా చేయి దాచిపెట్టుకున్నది దాచిపెట్టుకున్నట్లే ఉంది. ఆ ఆనందం ఎంతటిదంటే, పక్క గదిలో వికెట్ పడి అందరూ అరుస్తుంటే వాళ్ళతో పాటు నేనూ అరిచాను.

ఒక్కటి మాత్రం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. మా ఊరి యంత్రాల స్టిక్‌లు వదులుగా, గుండ్రంగా తిరిగేవి. జేఎల్ఎఫ్ అడుగున స్టిక్ ఎంత దూరం పోవచ్చో ఆపే ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని గేటు అంటారు. అది చతురస్రం. నిటారు దిక్కుల్లో ఒక్క స్విచ్ పడుతుంది, మూలకు వెళితే రెండు ఒకేసారి పడతాయి. చతురస్రంలో మూల అంటే నిజంగానే మూల, స్టిక్ అక్కడికి వెళ్ళి ఒదుగుతుంది. గైల్ అనే పాత్రను ఆడేవాడికి ఇది వరం. అతని సోనిక్ బూమ్ దెబ్బ వేయాలంటే కాసేపు వెనక్కి పట్టి ఉంచి, ఆపై ముందుకు తోసి పంచ్ నొక్కాలి. వెనుక కింది మూలలో స్టిక్‌ను ఉంచితే కూర్చుని దెబ్బలు ఆపుకుంటూనే ఆ పట్టు సిద్ధమవుతుంది. చేతికి ఆ మూల గోడలా దొరుకుతుంది, వెతుక్కోనక్కర్లేదు. జాంగీఫ్ అనే కుస్తీవీరుడి పెద్ద పట్టు సంగతి వేరు, స్టిక్ పూర్తిగా ఒక చుట్టు తిరగాలి, పప్పు గుత్తి తిప్పినట్లు. చతురస్రంలో ప్రతి మూలా కాస్త తగులుతుంది. అందుకే కొందరు అష్టకోణపు గేటు వేసుకుంటారు. టెక్కెన్ ఆడే కొరియావాళ్ళ దారి ఇంకొకటి. వాళ్ళ స్టిక్‌లలో స్ప్రింగు బదులు రబ్బరు ఉంటుంది, గేటు గుండ్రం, పైన బంతి కాకుండా పొడుగు పిడి. అది వదలగానే మధ్యకు వచ్చి నిలిచే వేగం ఎక్కువ, ఆ ఆటలో వేగంగా ముందుకు వెనక్కి జరగడానికి అది బాగా పనికొస్తుంది. నేను రెండూ వాడి చూశాను. నా మనసు చతురస్రానిదే.

ఆ రోజుల్లో రూమ్మేట్లకు నేను ఎక్కువసార్లు చూపించిన వీడియో 2004 ఇవోలోనిది. ఆట స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. జపాన్ ఆటగాడు దైగో ఉమెహారా చేతిలో కెన్, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ చేతిలో చున్-లీ. కెన్ ప్రాణం చివరి పోగు మీద ఉంది, మామూలుగా ఆపుకున్నా ఆ కాస్తా పోతుంది. చున్-లీ 15 దెబ్బలు వరసగా పడే పెద్ద దాడి, సూపర్, మొదలుపెట్టింది. బతకాలంటే ఒకటే దారి: ప్రతి దెబ్బ తగిలే క్షణానికి స్టిక్‌ను ముందుకు తట్టాలి. ఆ ఆటలో దాన్ని ప్యారీ అంటారు. మొదటిదాన్ని చూసి తట్టడం కుదరదు, ఆమె మొదలుపెడుతుందని ముందే పసిగట్టాలి. దైగో పదిహేనింటినీ తట్టాడు, చివరిదాన్ని గాలిలోకి ఎగిరి మరీ, ఆపై తిరిగి కొట్టి ఆ రౌండ్ గెలిచాడు. ఆ పోటీ ఫైనల్లో ఆయన ఓడిపోయారన్నది చాలామందికి గుర్తుండదు. క్రికెట్ తప్ప ఏదీ చూడని మా రూమ్మేటు ఒకరు ఆ వీడియో చూసి, "వెనక్కి పెట్టు, మళ్ళీ చూద్దాం" అన్నారు. ఆ తర్వాత శుక్రవారం రాత్రులు మా హాల్లో రెండో స్టిక్ అవసరమైంది.

ఇండియాకు తిరిగి వచ్చేటప్పుడు స్టిక్ బట్టల మధ్య చుట్టుకుని వచ్చింది. హైదరాబాదులో మేనల్లుడు దాన్ని పట్టుకుని వదలలేదు. వాడికి సొంతంగా ఒకటి చేద్దామని కూర్చున్నాం. మా వీధి చివర వడ్రంగి మేస్త్రీకి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాం: చెక్క పెట్టె, పైన ఎనిమిది రంధ్రాలు, స్టిక్‌కు ఒకటి, మోకాళ్ళ మీద కదలకుండా ఉండేంత బరువు. ఆయన ప్లైవుడ్ ముక్క మీద ముందు తన అరచేతిని పెట్టి చూశారు.

"బటన్లు ఒక్క గీతలో వద్దు సార్. వేళ్ళు అలా ఉండవు కదా. మధ్యవేలు పైకి పోతుంది" అన్నారు.

జపాన్ యంత్రాల మీద బటన్ల వరస వంపుగా ఉండేది ఆ కారణానికే. ఆ ఆటను ఎన్నడూ చూడని మనిషి చెక్క మీద చేయి పెట్టి చెప్పిన మాట అది. ఆయన పనితనం మీద నాకు గౌరవం పెరిగింది. పై అంచును గుండ్రంగా చిత్రిక పట్టి, ముంజేయి ఆనినా నొప్పి పుట్టకుండా చేసి ఇచ్చారు. తీగలు, వాటి చివర 2.8 మిల్లీమీటర్ల చిన్న కనెక్టర్ల కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళాం. ఒక పాత ప్యాడ్‌ను విప్పి, దాని బోర్డు మీద ప్రతి బటన్ దగ్గరా తీగ అతికించాం. అన్ని బటన్లకూ ఒకే గ్రౌండ్ ఉన్న ప్యాడ్ అయితే ఈ పని చాలా తేలిక, తీగలు సగానికి సగం తగ్గుతాయి. సోల్డరింగ్ మేనల్లుడే చేశాడు. వాడు ఇంటర్‌లో చదివిన సర్క్యూట్ మొదటిసారి చేతికి తగిలింది అప్పుడే. టీవీకి కలిపి, మెనూలో ఎంపిక గుర్తు స్టిక్‌తో పాటు కదలగానే వాడి మొహం చూడాలి.

2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో ఒక్క బటన్‌తో హడోకెన్ వేసే మోడరన్ పద్ధతి పెట్టారు. నాకు అది నచ్చింది. కొత్తవాళ్ళు మొదటి రోజే ఆటలోకి రాగలుగుతున్నారు. మేనల్లుడి స్నేహితుల్లో కొందరు స్టిక్ అసలు లేని, అంతా బటన్లే ఉన్న పెట్టెలు వాడుతున్నారు, దిక్కులు కూడా బటన్లతోనే. అది వేగమే, కచ్చితమే, కాదనను. అయినా నేను క్లాసిక్ పద్ధతిలో, స్టిక్‌తోనే ఆడతాను. పావు వృత్తం చేత్తో గీసి, దాని చివర పంచ్ పడినప్పుడు కలిగే తృప్తి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మేనల్లుడు కూడా స్టిక్ వదల్లేదు. కానీ వాడు జాంగీఫ్ మనిషి. "మామయ్యా, ఆ చతురస్రం నీకు అలవాటు, అంతే. అష్టకోణం వేసి చూడు" అని పోరుతుంటాడు. పాత స్టిక్‌లో స్ప్రింగు సన్నగిల్లితే మొన్న మళ్ళీ విప్పాం. స్ప్రింగుతో పాటు వాడు చెప్పిన గేటు కూడా తెప్పించాను. దాన్ని వాడి స్టిక్‌కు బిగించుకున్నాడు, ఆ రాత్రే వరసగా నా గైల్‌ను ఎత్తి పడేశాడు. నా స్టిక్‌కు మాత్రం కొత్త స్ప్రింగు వేసి, చతురస్రాన్ని అలాగే ఉంచాను. ఈ ఆదివారం మళ్ళీ ఆడతాం.